మైనస్ పది డిగ్రీల్లో పిల్లలతో గుడారం: బెంగళూరు బృందాలు ఎలా సిద్ధం కావాలి

బెంగళూరులో పెరిగే మన పిల్లలకు చలికాలం అంటే బాత్రూంలో కొబ్బరినూనె సీసా గడ్డకట్టడం. ఆ నూనె గడ్డకట్టడానికి 24 డిగ్రీల కంటే కాస్త దిగితే చాలు. ఈ ఊళ్లో ఇప్పటిదాకా నమోదైన అతి తక్కువ ఉష్ణోగ్రత 7.8 డిగ్రీలు, అది కూడా 1884 జనవరిలో. మీరు పిల్లల్ని తీసుకెళ్లబోయే చోట రాత్రి మైనస్ పదికి పడిపోతుంది. అక్కడ తల పక్కన పెట్టుకున్న మంచినీళ్ల సీసా తెల్లారేసరికి రాయి అవుతుంది.

మారతహళ్లి, కేఆర్ పురం చుట్టుపక్కల ఉండే మన తెలుగు ఇళ్ల పిల్లలతో, పదిహేను నుంచి పద్దెనిమిదేళ్ల వాళ్లతో, క్రిస్మస్ సెలవుల్లో రెండుసార్లు ఉత్తరాఖండ్‌లోని కేదార్‌కంఠ అనే మంచుకొండకు వెళ్లొచ్చాను. మొదటిసారి రెండో రాత్రి జరిగిన సంగతి ముందే చెప్తాను, ఎందుకంటే ఇక్కడ రాసేదంతా దాని నుంచే పుట్టింది. పీయూసీ మొదటి ఏడాది చదివే కుర్రాడొకడు భోజనాల దగ్గర చాలా నెమ్మదిగా ఉన్నాడు. "ఏరా, బాగున్నావా?" అంటే "బాగానే ఉన్నా అన్నా" అన్నాడు. ఎందుకో అనుమానం వచ్చి బూట్లు విప్పమన్నాను. సాక్సు తడిగా ఉంది. టార్చి వెలుగులో చూస్తే రెండు వేళ్లు కొవ్వొత్తి మైనంలా తెల్లగా, పాలిపోయి ఉన్నాయి. గోటితో నొక్కితే వాడికి తెలియలేదు. "నొప్పి లేదు కదా అన్నా, అందుకే చెప్పలేదు" అన్నాడు. ఆ పాదాన్ని నా స్వెట్టరు ఎత్తి పొట్టకు ఆనించి పెట్టుకుంటే, ఇరవై నిమిషాలకు వేళ్లలోకి ఎరుపు వచ్చింది. దాంతోపాటు మంటా వచ్చింది, వాడు ఏడ్చాడు. ఆ ఏడుపు వినగానే నా ప్రాణం కుదుటపడింది.

చలి తెలియని పిల్లలు చలేస్తోందని చెప్పరు. ఏది మామూలో ఏది ప్రమాదమో వాళ్లకు తెలియదు, తోటివాళ్ల ముందు చెప్పుకోవడానికి మొహమాటం కూడా. కాబట్టి అడిగి ఊరుకోకండి, చేత్తో ముట్టుకుని చూడండి.

మూడు నెలల ముందు

అక్టోబరు మొదట్లోనే జట్టును ఖాయం చేసుకోండి. నలుగురు పిల్లలకు ఒక పెద్ద చొప్పున లెక్క వేసుకోండి. ఆడపిల్లలు ఉంటే వాళ్లతో పాటు పడుకునే అక్క ఒకరు తప్పనిసరి. పన్నెండు మంది పిల్లల కన్నా పెద్ద గుంపు మొదటి ఏడాదికి వద్దు. పెద్దల్లో కనీసం ఒకరు అంతకుముందు మంచులో పడుకున్నవాళ్లై ఉండాలి. స్థానిక గైడ్ లేకుండా మాత్రం ససేమిరా వెళ్లకండి.

మొదటిసారికి కేదార్‌కంఠ లాంటి చోటు ఎందుకు మంచిదంటే, నడక మొదలయ్యే సాంక్రీ ఊరు దగ్గర్లోనే ఉంటుంది, ఏదైనా జరిగితే ఒక్క రోజులో కిందికి దింపేయొచ్చు. సాంక్రీ సుమారు 6,400 అడుగుల ఎత్తు, శిఖరం దాదాపు 12,500. దారంతా గోవింద్ వన్యప్రాణి ప్రాంతంలో ఉంటుంది కాబట్టి అటవీ శాఖ అనుమతి కావాలి. అది స్థానిక గైడ్ ద్వారా వస్తుంది. పిల్లల ఆధార్ కాపీలు, డాక్టరు సర్టిఫికెట్లు ముందే పోగుచేసి ఉంచుకోండి.

తల్లిదండ్రులతో ఒక ఆదివారం కూర్చోండి. ఫోటోలు చూపించడం కన్నా ముందు ఈ ప్రశ్నలు అడగండి: ఉబ్బసం ఉందా? ఫిట్స్ వచ్చాయా? గుండె సమస్యలు? చలికి వేళ్లు తెల్లబడి నొప్పి పుట్టే అలవాటుందా? రోజూ వేసుకునే మందులేమిటి? ఉబ్బసం ఉన్నంత మాత్రాన ఆపేయనక్కర్లేదు, కానీ పొడి చలిగాలికి అది రేగుతుంది. డాక్టరు సరే అంటేనే తీసుకెళ్లండి. ఇన్‌హేలరు బ్యాగులో ఉంటే చల్లబడి సరిగా కొట్టదు, ఒంటికి ఆనుకునే లోపలి జేబులో ఉండాలి. ఇక్కడే ఇంకో మాట కూడా ఖరాఖండిగా చెప్పేయండి: "మీ అబ్బాయికి తలనొప్పి వచ్చి తగ్గకపోతే శిఖరం వదిలేసి కిందికి దింపేస్తాం, డబ్బులు కట్టాం కదా అనొద్దు." ఈ మాట అక్టోబరులో చెప్తే అందరూ తలూపుతారు. డిసెంబరులో కొండ మీద చెప్పాల్సి వస్తే గొడవ అవుతుంది.

ఒంటి తయారీ కూడా అప్పుడే మొదలుపెట్టండి. అయిదు కిలోమీటర్లు ముప్పై అయిదు నిమిషాల లోపు పరుగో నడకో కలిపి పూర్తి చేయగలగాలి. పది అంతస్తుల అపార్ట్‌మెంట్ మెట్లు ఏడెనిమిది కిలోల బ్యాగుతో వారానికి మూడు రోజులు ఎక్కించండి, లిఫ్ట్ ముట్టుకోనివ్వకండి.

బట్టలు: నూలు ఇంట్లో పెట్టి రండి

మనకు అలవాటైన కాటన్ బనీన్లు, జీన్స్, నూలు సాక్సులు మంచులో పనికిరావు. నూలు చెమటను పీల్చుకుని వదలదు. తడిసిన నూలు ఒంట్లో వేడిని లాగేస్తుంది. ఉన్ని, ఫ్లీస్ అనే మెత్తటి నూగు సింథటిక్ బట్ట, పాలిస్టర్ థర్మల్స్ తడిసినా కొంతైనా వెచ్చదనం నిలుపుతాయి.

మూడు పొరలు గుర్తుపెట్టుకోండి. ఒంటికి అతుక్కుని ఉండే థర్మల్, దానిపైన ఫ్లీస్ లేదా ఉన్ని స్వెట్టరు, అన్నిటికన్నా పైన గాలినీ తడినీ ఆపే జాకెట్. ఇవి కాక, ఆగినప్పుడు మాత్రమే వేసుకునే లావుపాటి జాకెట్ ఒకటి. సాంక్రీలో జాకెట్లు, బూట్లు, మంచులో జారకుండా బూట్లకు తొడుక్కునే పళ్ల పట్టీలు అద్దెకు దొరుకుతాయి, అన్నీ కొనక్కర్లేదు. ఒంటికి తగిలేవి మాత్రం సొంతవి ఉండాలి. అమ్మమ్మ అల్లిన ఉన్ని మఫ్లరు ఉంటే తప్పకుండా పెట్టుకోండి, దుకాణంలో కొన్నవాటికి అదేమీ తీసిపోదు.

చేతులకు రెండు జతలు కావాలి: లోపల పల్చటి గ్లోవ్స్, పైన నాలుగు వేళ్లూ ఒకే సంచిలో ఉండే మిటెన్లు. వేళ్లన్నీ కలిసి ఉంటే ఒకదాని వేడి ఇంకోదానికి అందుతుంది. సాక్సుల విషయంలో ఒక పొరపాటు అందరూ చేస్తారు. చలి కదా అని రెండు మందపాటి జతలు తొడిగి బూటులో పాదాన్ని కుక్కుతారు. బూటు బిగిస్తే రక్తం ఆడదు, రక్తం ఆడకపోతే ఎన్ని సాక్సులున్నా వేళ్లు మొద్దుబారతాయి. బూటు లోపల కాలివేళ్లు ఆడించగలగాలి. బూట్లు కొనేటప్పుడే ఉన్ని సాక్సు తొడుక్కుని వెళ్లి చూసుకోండి.

పడుకునే సాక్సులు ఒక జత వేరుగా, జిప్ కవర్లో మూసి, పేరు రాసి పెట్టండి. ఆ జతతో గుడారం బయట అడుగు పెట్టకూడదు. పగలు ఎంత ఇబ్బంది వచ్చినా ఆ కవర్ తెరవకూడదు. మా జట్టులో దీన్ని "బంగారు జత" అంటాం. ఆ పేరు పెట్టాక ఎవరూ దాన్ని తడపలేదు.

బెంగళూరులోనే రిహార్సల్

మంచు లేని ఊళ్లో చలిని ఎలా నేర్పాలి? నా అనుభవంలో ఈ మూడు పనులూ ఏ ఉపన్యాసం కన్నా బాగా ఎక్కుతాయి.

మొదటిది, టేబుల్ ఫ్యాన్ పరీక్ష. డిసెంబరు తెల్లవారుజామున టెర్రస్ మీద పిల్లల్ని కూర్చోబెట్టి, ఒక చేతికి తడిపి పిండిన కాటన్ బనీను, రెండో చేతికి తడిపి పిండిన ఫ్లీస్ చుట్టండి. అయిదు నిమిషాలు ఫ్యాన్ పెట్టండి. ఏ చెయ్యి ముందు వణుకుతుందో వాళ్లే చెప్తారు. ఫ్యాన్ ఎందుకంటే, గాలి సంగతి కూడా అర్థమవుతుంది. మైనస్ పది డిగ్రీల్లో గంటకు ముప్పై కిలోమీటర్ల గాలి వీస్తే ముఖానికి మైనస్ ఇరవై ఉన్నట్టే ఉంటుంది.

రెండోది, ఐసు బకెట్టు. ఐసు వేసిన నీళ్లలో చేతులు అర నిమిషం ముంచి తీయించండి. తీసిన వెంటనే జాకెట్ జిప్ పెట్టుకోమనండి, లేసు కట్టుకోమనండి, తలకు కట్టుకునే లైట్‌లో బ్యాటరీ మార్చమనండి. రోజూ ఫోను మీద మెరుపులా ఆడే వేళ్లు ఒక్క జిప్ పట్టుకోలేక తడబడతాయి. పిల్లలు నవ్వుతూ మొదలుపెట్టి, మధ్యలో నవ్వు ఆపి ఆలోచనలో పడతారు. కొండ మీద ప్రతి పనీ ఇలాగే ఉంటుందని అప్పుడు చెప్పండి. జిప్‌లన్నిటికీ బొటనవేలు దూరేంత తాడు ముడులు అక్కడికక్కడే వేయించండి, గ్లోవ్స్ తీయకుండానే లాగొచ్చు. చలికి వేళ్లు తెల్లబడే అలవాటున్న పిల్లలకు ఈ పరీక్ష పెట్టకండి.

మూడోది, టెర్రస్ మీద ఒక రాత్రి. గుడారం చీకట్లో వేయడం, మ్యాట్ పరచడం, స్లీపింగ్ బ్యాగ్‌లో దూరడం, రాత్రి లేచి బయటికి వెళ్లి రావడం, అన్నీ గ్లోవ్స్‌తో చేయించండి. ఎవరి బ్యాగ్ జిప్ ఇరుక్కుంటుందో, ఎవరికి బిగుతుగా ఉండి ఊపిరాడదో ఆ రాత్రే తెలిసిపోతుంది.

కింద పరిచేదే ముఖ్యం

స్లీపింగ్ బ్యాగ్ లేబుల్ మీద రెండు మూడు అంకెలు ఉంటాయి. వాటిలో "కంఫర్ట్" అని రాసిన అంకెనే నమ్మండి. "లిమిట్", "ఎక్స్‌ట్రీమ్" అన్నవి హాయిగా నిద్రపట్టే ఉష్ణోగ్రతలు కావు. మైనస్ పది చోటికి వెళ్తుంటే కంఫర్ట్ కూడా మైనస్ పది ఉండాలి.

మనవాళ్లు కప్పుకునేదాని మీద పెట్టిన శ్రద్ధ పరుచుకునేదాని మీద పెట్టరు. ఒంటి బరువుకు స్లీపింగ్ బ్యాగ్ కింది భాగం నలిగి పల్చనైపోతుంది, అక్కడ వెచ్చదనమేమీ మిగలదు. నేల నేరుగా వీపులో వేడిని లాక్కుంటుంది. అందుకే ఫోమ్ మ్యాట్ ఒకటి, దాని మీద ఇంకోటి, రెండు వేయండి. ఒక మ్యాటే ఉంటే ఖాళీ చేసిన బ్యాగులు, తాళ్లు, పొడి బట్టలు కింద సర్దండి. ఊళ్లో గొర్రె ఉన్ని గొంగళి ఉంటే అది పైన కప్పుకోవడం కన్నా కింద పరుచుకుంటే ఎక్కువ ఉపయోగం.

ప్రయాణం

బెంగళూరు నుంచి కర్ణాటక ఎక్స్‌ప్రెస్‌లో ఢిల్లీకి రెండు రాత్రులు, అక్కడి నుంచి డెహ్రాడూన్, ఆపైన ముస్సోరీ, పురోలా, మోరీ మీదుగా సాంక్రీకి దాదాపు రోజంతా రోడ్డు ప్రయాణం. రైలు అనంతపురం మీదుగా వెళ్తుంది కాబట్టి అక్కడ బంధువులున్న పిల్లలకు స్టేషన్లో టిఫిన్ డబ్బాలు అందుతాయి, వాటిని అదే రాత్రి తినేయమనండి. పురోలా దాటాక ఏటీఎం మీద ఆశ పెట్టుకోకండి. ఘాట్ రోడ్డులో వాంతులు చేసుకున్న పిల్లలు నీరసంగా కొండ ఎక్కకూడదు, సాంక్రీలో ఒక పూర్తి రోజు ఆగండి.

నడకలో

"కొంచెం చలిగా ఉండగానే నడక మొదలుపెట్టండి." ఇది రోజూ పొద్దున చెప్పాల్సిన మాట. అన్నీ తొడుక్కుని నడిస్తే పావుగంటలో చెమట పడుతుంది, ఆగగానే ఆ చెమటే ఐసవుతుంది. నడక మొదలైన పది నిమిషాల తర్వాత ఒకసారి ఆపి ఒక పొర తీయించండి. ఎక్కడ ఆగినా, ఒక్క నిమిషం ఆగినా, ముందు లావుపాటి జాకెట్ వేసుకుని ఆ తర్వాతే నీళ్లు తాగాలి.

దాహం వేయకపోయినా గంటకోసారి అందరూ తాగాలి. చలిలో మూత్రం ఎక్కువ వస్తుంది, ఊపిరిలోనూ నీరు పోతుంది, కానీ దాహం తెలియదు. మంచు నోట్లో వేసుకోనివ్వకండి, దాన్ని కరిగించడానికి ఒంట్లో వేడే ఖర్చవుతుంది. మంచు మీద ఎండ పడితే కళ్లు దెబ్బతింటాయి, నల్ల కళ్లద్దాలు స్టయిలు కోసం కాదని నొక్కి చెప్పండి.

పిల్లల్లో ప్రతి ఒక్కరికీ ఒక జోడీని పెట్టండి. అరగంటకోసారి జోడీలు ఒకరి ముఖం ఒకరు చూసుకోవాలి: ముక్కు కొస, బుగ్గలు, చెవుల మీద తెల్లటి మచ్చ ఉందా అని. ఉంటే వెచ్చటి అరచేయి ఆనించాలి, రుద్దకూడదు.

తిండి గురించి ఎక్కువ చెప్పక్కర్లేదు, మన వంటిల్లు ఈ పనికి సిద్ధంగానే ఉంది. వేయించిన రవ్వ, రాగిపిండి, నెయ్యి, సున్నుండలు, నువ్వుండలు, కరివేపాకు పొడి. పల్లీ చిక్కీని ఇంట్లోనే చిన్న ముక్కలు కొట్టి తీసుకెళ్లండి, అక్కడ గట్టిపడి పళ్లకు లొంగదు. మామూలు రోజుకు ఒకటిన్నర రెట్లు తినాలి. పొద్దున్నే రాగిజావ గ్లాసు చేతుల్లో పట్టుకుంటే కడుపుతో పాటు వేళ్లకీ పని జరుగుతుంది. మామూలు బ్యూటేన్ గ్యాసు డబ్బాలు సున్నా డిగ్రీల దగ్గర మంట ఇవ్వడం మానేస్తాయి, చలికాలానికి పనికొచ్చే గ్యాసు ఉందో లేదో గైడ్‌ను ముందే అడగండి.

రాత్రి: వరస తప్పకుండా

చీకటి పడకముందే గుడారాలు లేవాలి. వెన్నెల, చుక్కలు, పాటలు, అన్నిటికీ తర్వాత సమయం ఉంది. ముందు ఈ పనులు.

గుడారంలోకి వెళ్లగానే పగటి బట్టలన్నీ, లోపలివి కూడా, మార్చేయాలి. తడిగా అనిపించకపోయినా మార్చాలి. తర్వాత బంగారు జత తొడుక్కోవాలి. అప్పుడు మీరు ప్రతి గుడారానికీ వెళ్లండి. అబ్బాయిలను మీరు, అమ్మాయిలను అక్క. తొడుక్కున్న సాక్సులు విప్పించి పది వేళ్లూ టార్చి వేసి చూడండి, ముట్టుకోండి. పన్నెండు మందికి అరగంట పడుతుంది. మీకూ చలేస్తుంది, అలసటగా ఉంటుంది, "అందరూ బాగానే ఉన్నారులే" అనిపిస్తుంది. అయినా చూడండి.

స్లీపింగ్ బ్యాగ్ ఫ్లాస్కు లాంటిది. వేడి పోస్తే వేడి నిలుపుతుంది, చల్లటిది పోస్తే చల్లగానే ఉంచుతుంది. వణుకుతూ లోపలికి దూరితే తెల్లారిందాకా వణుకే. అందుకే దూరే ముందు అక్కడికక్కడే ఒక యాభై గుంజీళ్లు తీయించండి, చెమట పట్టకముందే ఆపండి. ఒక సున్నుండ తినిపించండి. గట్టి మూత ఉన్న సీసాలో వేడినీళ్లు పోసి, సాక్సులో దూర్చి, కాళ్ల దగ్గర పెట్టించండి. పొద్దున తాగడానికి నీళ్లూ గడ్డకట్టకుండా ఉంటాయి. ఫోను, పవర్ బ్యాంకు, లైటు, కళ్లద్దాలు, రేపు వేసుకునే గ్లోవ్స్ అన్నీ స్లీపింగ్ బ్యాగ్ లోపలే.

ముఖం మాత్రం బయట ఉండాలి. తల లోపల పెట్టుకుని ఊపిరి వదిలితే ఆ తేమకు బ్యాగ్ తడుస్తుంది. మంకీ క్యాప్ ఉండగా భయమెందుకు. గుడారం గాలి కిటికీ కూడా కొంచెం తెరిచే ఉంచండి. మూసేస్తే రాత్రంతా వదిలిన ఊపిరి పైన మంచుపొరై, పొద్దున ముఖాల మీద రాలుతుంది.

ఒక్క విషయంలో నేను ఎవరి మాటా వినను. గుడారం లోపల బొగ్గుల కుంపటి గానీ, స్టవ్ గానీ, ఆరిపోయిందనుకున్న నిప్పులు గానీ ఉండకూడదు. కార్బన్ మోనాక్సైడ్‌కు వాసన ఉండదు. నిద్రలోనే ప్రాణం పోతుంది. పడుకునే ముందు ప్రతి గుడారంలో టార్చి వేసి చూడండి.

అర్ధరాత్రి మూత్రానికి లేవడానికి బద్ధకించి బిగబట్టుకుంటారు. నిద్రా పట్టదు, వెచ్చదనమూ ఉండదు. "మీ జోడీని లేపండి, ఇద్దరూ కలిసి వెళ్లి రండి, ఎవరూ ఏమీ అనరు" అని ముందే చెప్పండి. అమ్మాయిలకు ప్యాడ్లు, వాడినవి తిరిగి తెచ్చుకోవడానికి జిప్ కవర్లు అక్క దగ్గర అదనంగా ఉండాలి. చలికీ ఎత్తుకీ నెలసరి తేదీ తప్పి వచ్చినా కంగారు పడొద్దని అక్కే చెప్తే బాగుంటుంది.

ఎప్పుడు ఆపేయాలి

వణకడం మంచి గుర్తే, ఒళ్లు వేడి కోసం పోరాడుతోందన్నమాట. మాట ముద్దగా రావడం, నడక తడబడటం, చేతిలోవి జారవిడవడం, ఊరికే చిరాకు పడటం లేదా ముభావంగా కూర్చోవడం, ఇవి కనిపిస్తే ఒంటి లోపలి వేడి 35 డిగ్రీల కిందికి జారుతోందని అనుకోండి. గట్టిగా వణుకుతున్న పిల్లవాడు వేడెక్కకుండానే వణకడం ఆపేస్తే అది చాలా పెద్ద ప్రమాదం.

వెంటనే గాలి లేని చోటికి చేర్చండి, తడి బట్టలు తీసి పొడివి వేయండి, కిందా పైనా కప్పండి. వేడినీళ్ల సీసాలు గుడ్డలో చుట్టి ఛాతీ పక్కన, చంకల్లో పెట్టండి. స్పృహలో ఉండి మింగగలిగితే తియ్యటి వెచ్చని పానీయం పట్టండి. చేతులూ కాళ్లూ రుద్దకండి, మంట దగ్గరికి లాక్కెళ్లకండి, లేపి నడిపించకండి. సారా చుక్క వేస్తే వేడెక్కుతుందని కింది ఊళ్లో ఎవరైనా సలహా ఇస్తారు, అది చర్మానికి రక్తం పంపి లోపలి వేడిని బయటికి పారబోస్తుంది. గైడ్ వెంటనే కిందికి కబురు పంపాలి. సిగ్నల్ దొరికితే 112.

వేళ్లు గట్టిపడి, వెచ్చటి ఒంటికి ఆనించినా రంగు తిరిగి రాకపోతే కొండ మీద కరిగించడానికి ప్రయత్నించకండి. కరిగిన వేలు మళ్లీ గడ్డకడితే నష్టం మరీ ఎక్కువ. పొడిగా చుట్టి ఆసుపత్రికి దింపండి.

తలనొప్పి, వికారం, తిండి సహించకపోవడం ఎత్తు వల్ల కావచ్చు. ఉన్నచోటే ఆగండి, తగ్గకపోతే దిగండి. కూర్చున్నా ఆయాసం, తడబడే నడక, అయోమయం ఉంటే అర్ధరాత్రైనా దించాల్సిందే. అలా దిగేటప్పుడు ఒక పెద్ద, ఒక గైడ్ తోడు వెళ్లాలి, మిగతా జట్టు ఒంటరి కాకుండా చూసుకోండి. రెండోసారి మేం ఇద్దరు పిల్లలతో శిఖరానికి రెండు గంటల ముందే వెనక్కి తిరిగాం. ఆ ఇద్దరి అమ్మలూ ఇప్పటికీ ఎక్కడ కలిసినా ఆ సంగతి తలుచుకుంటారు.

ఇంటికొచ్చాక

వారం రోజులు వేళ్లు గమనించమని ఇళ్లల్లో చెప్పండి. తిమ్మిరి తగ్గకపోయినా, పొక్కులు లేచినా డాక్టరుకు చూపించాలి. స్లీపింగ్ బ్యాగులు సంచుల్లో కుక్కి అటక మీద పడేయకుండా, టెర్రస్ మీద నీడలో రెండు రోజులు ఆరబెట్టి, వదులుగా వేలాడదీయండి. ఆరబెడుతున్న రోజే పిల్లల్ని పిలిచి, ఎవరికి ఏది చాలలేదో, ఏది బ్యాగులోంచి తీయకుండానే తిరిగొచ్చిందో ఒక నోటుబుక్కులో వాళ్ల చేతే రాయించండి. వచ్చే అక్టోబరులో కొత్త పిల్లల ముందు ఆ పుస్తకం పెట్టి మొదలుపెట్టొచ్చు.